కోటగుమ్మం దగ్గర చెప్పాల్సిన మాట

మా అత్తయ్య పోయింది. మధ్యాహ్నం అన్నం తిని, ఫ్యాను కింద నడుం వాల్చిన మనిషి మరి లేవలేదు. బంధువులకు ఫోన్లో చెప్పాను. ఆవిడ దగ్గర సోషల్ చదువుకున్నవాళ్ళు ఊరంతా ఉన్నారు కనక, వాళ్ళకు ఇలా చెబుతున్నాను.

ఆవిడ మా నాన్నగారి అక్క. మా అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నాకింత అన్నం, ఇంత చదువు, బోలెడంత భయం పెట్టింది.

రాజమండ్రిలో కోట లేదు. ఎప్పుడో నేలమట్టమైంది. కోటగుమ్మం మాత్రం ఉంది. అంటే పేరుంది, సెంటరుంది, ఆటోలున్నాయి. కందకం రోడ్డుంది, కందకం లేదు. అత్తయ్యకి మాత్రం అన్నీ ఉన్నట్టే. మండువేసవిలో కూడా కందకం రోడ్డు దాటేటప్పుడు తడుస్తాయన్నట్టు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకునేది. కోటగుమ్మం దగ్గర లేని గడప తొక్కకుండా కాలెత్తి దాటేది. నవ్వితే ఊరుకునేది కాదు.

"కోట పడిపోయిందిగానీ గుమ్మం పడిపోయిందని ఎవరన్నా అన్నారట్రా? ఆటో అతన్నడుగు, ఎక్కడుందో చూపిస్తాడు" అనేది.

మా ఇల్లు కోటకి లోపలి పక్కన ఉందని ఆవిడ లెక్క. బయటికి వెళ్తుంటే గుమ్మం దగ్గర "వెళ్ళొస్తామండి" అనాలి. తిరిగొస్తే "వచ్చామండి" అనాలి. ఎవరికి అంటే, కాపలావాళ్ళకి. "పాపం, కొలువు అయిపోయిందని వాళ్ళకెవరూ చెప్పలేదురా" అనేది, ఉప్పు డబ్బా అందుకోమన్నంత మామూలుగా. నేను చుట్టూ చూసేవాణ్ణి, ఎవరూ కనిపించేవారు కాదు. అయినా ఆ మాటలు నోటికి అలవాటైపోయాయి.

సాయంత్రాలు గోదావరి రేవు మెట్ల మీద కూర్చోబెట్టి పాత బ్రిడ్జి చూపించేది. దాని మీద రైళ్ళు మానేసి చాలా ఏళ్ళయింది. ఒకరోజు "బండి వెళ్తోంది, విను" అంది. నిజంగానే చక్రాల చప్పుడు వినిపించింది. పక్క బ్రిడ్జి మీదదేమోనని అటు చూస్తే అక్కడా బండి లేదు. "అలవాటుపడ్డవి అంత తొందరగా మానవురా" అని పల్లీల పొట్లం నా చేతిలో పెట్టింది.

ఇంకో సంగతి. అత్తయ్య భారీ మనిషి. ఆవిడతో ఆటో ఎక్కితే నేను సీటు చివర అంగుళం మీద, కమ్మీ పట్టుకుని వేలాడాల్సిందే. జరగమంటే "నువ్వే సన్నబడరా" అనేది.

పోయిన వేసవిలో నా దగ్గర ఓ మాట తీసుకుంది. "నన్ను తీసుకెళ్ళే రోజున మాత్రం 'వెళ్ళొస్తాం' అనకు. చావింట్లో ఎవరన్నా వస్తామంటారా? వస్తానన్న మనిషి కోసం ఆ కాపలావాళ్ళు తలుపు తీసే ఉంచుతారు. నాకు మళ్ళీ రావాలని లేదురా, అలిసిపోయాను." అననని చెప్పాను.

ఆ రోజు రానే వచ్చింది. శ్మశానానికి వెళ్ళే బండి కోటగుమ్మం దగ్గర నెమ్మదించింది. అత్తయ్య మొహం చూస్తూ కూర్చున్నాను. నాకు తెలియకుండానే నోరు "వెళ్ళొస్తామండి" అనేసింది.

కర్మ చేయించడానికొచ్చి పక్కన కూర్చున్న బ్రహ్మగారు ఉలిక్కిపడి, "అదేంటండీ బాబూ, అలా అన్నారు?" అన్నారు. ఉన్న సంగతంతా చెప్పాను. ఆయన, "అస్థికలు కలిపి తిరిగొచ్చేటప్పుడు ఆ గుమ్మం దగ్గరే 'నేనొక్కణ్ణే వచ్చాను' అనండి. బహువచనం మాత్రం వద్దండి" అన్నారు.

అస్థికలు గోదావరిలో కలిపాక, ఖాళీ కుండ చేతిలో తేలికైపోయాక, ఏడుపు ఆపుకోలేకపోయాను. నిజం చెప్పొద్దూ, ఆవిడ తిరిగొస్తే బాగుండునని ఉంది నాకు. కానీ ఆవిడ అలిసిపోయానంది. ఒకసారి మాట తప్పాను, ఈసారి తప్పకూడదనుకున్నాను.

తడి పంచెతో ఒంటరిగా ఆటో ఎక్కాను. మిట్టమధ్యాహ్నం, రోడ్డు ఖాళీ. కోటగుమ్మం రాగానే, తడబడకుండా, పైకే అన్నాను: "నేనొక్కణ్ణే వచ్చానండి."

ఆటో అతను అద్దంలోంచి చూశాడు. "ఒక్కరే కదండీ, మధ్యలోకి జరగండి. బండి ఓ పక్కకి లాగేస్తోంది" అన్నాడు.

అప్పుడు చూసుకున్నాను. సీటు చివర అంగుళం మీద, కమ్మీ పట్టుకుని వేలాడుతున్నాను.

లోపలికి జరగబోయాను. చోటు లేదు.