అలీ సాహెబ్ చెయ్యి

అద్దంకికి పన్నెండు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ ఊళ్లో అలీ సాహెబ్ మొహం కన్నా ఆయన కుడిచెయ్యే ఎక్కువ మందికి తెలుసు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఈనలేక అవస్థ పడే గేదె కడుపులో దూడ కాళ్లు సర్దినా, ఎద్దు గొంతులో ఇరుక్కున్న మొక్కజొన్న కండె బయటికి లాగినా ఆ చెయ్యే. ఆయన బడి గడప తొక్కలేదు. తండ్రి మొహిద్దీన్ బాషా గొడ్ల సంతల్లో బేరగాడు. ఆయన వెంట తిరిగి, పళ్లు చూసి వయసు చెప్పడం, పేడ చూసి జబ్బు చెప్పడం నేర్చుకున్నాడు. చేసినదానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. పొగడ్త మాత్రం వద్దనడు. "సాహెబు చెయ్యి పెడితే గొడ్డు లేచి నిలబడాల్సిందే" అని ఎవరైనా అంటే, వినపడనట్టు తల తిప్పుకుని, రెండోసారి అనేదాకా అక్కడే తచ్చాడతాడు.

అద్దంకి పశువుల ఆసుపత్రికి మనోజ్ఞ అనే చిన్న వయసు డాక్టరమ్మ వచ్చినప్పటి నుంచి ఆ పొగడ్త మీద ఆయనకు మరీ మోజెక్కువైంది. "పుస్తకంలో గేదె తన్నదు కదా" అని నవ్వేవాడు. ఊరు కూడా ఆయనతో పాటు నవ్వేది. ఊరి తప్పు కూడా కాస్త ఉంది మరి.

జనవరిలో ఒక బుధవారం పొద్దున్నే వెంకయ్య పరుగెత్తుకుంటూ వచ్చాడు. వెంకయ్య నలభై ఏళ్ల రైతు. రెండెకరాల పత్తి, ఎకరం మిరప, ఒక్క పాడిగేదె. అలీ సాహెబును బాబాయ్ అని పిలుస్తాడు.

"బాబాయ్, గేదె నిన్నట్నుంచి మేత ముట్టలా. ఒకటే చొంగ. నీళ్లు పెడితే మూతి పెడతంది గానీ గుటక పడట్లా. గొంతుకేదో అడ్డం పడినట్టుంది, నువ్వు రావాలి."

పాక దగ్గర అప్పటికే ఇరవై మంది పోగయ్యారు. గేదె నోటి నిండా నురగ, అరుపు బొంగురుగా ఉంది. వెంకయ్య రెండు చేతులతో నాలుక పట్టి పక్కకు లాగాడు. పత్తి తీసి తీసి, ఎండిన కాయ డొప్పలు గీరుకుని అతని వేళ్ల నిండా చీరుకుపోయిన గాట్లు. అతని భార్య తిరపతమ్మ కొంగుతో నురగ తుడుస్తూ నిలబడింది. అలీ సాహెబ్ మోచేతి దాకా చెయ్యి దూర్చాడు. దవడ పళ్లు ముంజేతిని గీరాయి. లోపలంతా వెతికాడు. ఏమీ లేదు.

ఏమీ లేదని చెబితే సరిపోయేది. కానీ ఇరవై మంది చూస్తున్నారు.

"తగిలింది. కండె ముక్క. లోపలికి నెట్టేశాలే" అన్నాడు.

జనం మెచ్చుకుంటూ చెదిరిపోయారు. గేదె మాత్రం మెచ్చుకోలేదు. గురువారం పాకలో గుంజను కుమ్మింది. శుక్రవారం తెల్లారేసరికి చచ్చింది. "ఏ విషప్పురుగో ముట్టుంటది, మనమేం చేస్తాం" అని అలీ సాహెబ్ గొయ్యి తవ్వించి పూడ్పించాడు.

శనివారం తన మేకలకు నట్టల మందు కోసం అద్దంకి వెళ్లాడు. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్కతే ఉంది. ఈ పిల్లకెంత తెలుసో చూద్దామని, వేరే ఊరి సంగతిలాగా ఆ గేదె లక్షణాలన్నీ చెప్పాడు. మనోజ్ఞ రాస్తున్న కలం పక్కన పెట్టింది.

"దాన్ని కుక్క గానీ కరిచిందాండీ, రెండు మూడు నెలల్లో?"

అలీ సాహెబుకు గుర్తుంది. దీపావళి వెళ్లాక ఒక ఊరకుక్క వెంకయ్య పాకలో దూరి గేదె మూతి కొరికింది. ఆ గాటులో కారం అద్దింది తనే. 'గొడ్డుకి కుక్క కాటేంది, పులి కాటయితే చెప్పు' అని నవ్వించింది కూడా తనే.

"అది రేబిస్ అయ్యుంటుంది. ఎవరన్నా నోట్లో చెయ్యి పెట్టారా? మనవాళ్లు అడ్డం పడిందనుకుని పెడుతుంటారు. చొంగ గాయానికి తగిలితే చాలు. రోగం బయటపడిందంటే ఏ డాక్టరూ బతికించలేడు. బయటపడకముందే సూదులు వేయించుకుంటే ఏమీ కాదు. ఏ ఊరండీ అది? నేనే వచ్చి చెబుతాను."

"మా వియ్యంకుడి ఊరు లెండమ్మా. నేను చెబుతాగా" అన్నాడు.

బయటికొచ్చి ఊరి వైపు బస్సెక్కలేదు. గుంటూరు బస్సెక్కాడు. అద్దంకిలోనే సర్కారు ఆసుపత్రి ఉంది, ఉచితంగా వేస్తారు. కానీ అక్కడ అందరూ తెలిసినవాళ్లే. 'చెయ్యి పెట్టే సాహెబు సూది కోసం వచ్చాడు' అంటారు. ఆ ఒక్క మాటకు భయపడి బ్రాడీపేటలో ఒక క్లినిక్ వెతుక్కుని, ముంజేతి గీరల చుట్టూ మందు పొడిపించుకున్నాడు, భుజానికి సూది వేయించుకున్నాడు. మీతో పాటు ఇంకెవరైనా గేదెను ముట్టుకున్నారా అని అక్కడి డాక్టరు అడిగితే లేదన్నాడు. మళ్లీ మంగళవారం రమ్మన్నారు.

ఇంట్లో భార్య షాజాదీ చేతికి కట్టేమిటని అడిగితే ముళ్లకంప అన్నాడు. వెంకయ్యకు చెప్పాలని రోజూ అనుకున్నాడు. చెబితే కండె ముక్క అబద్ధమని చెప్పాలి, కారం సంగతి చెప్పాలి, వియ్యంకుడి ఊరు సంగతి చెప్పాలి. ఒకటి లాగితే అన్నీ వస్తాయి. రేపు చెబుదాం, ఇంకా టైముంది అనుకున్నాడు. ఆ టైము తనది కాదు, వెంకయ్యది. అది తెలిసీ అలాగే అనుకున్నాడు. మనిషి తన పరువు కోసం పక్కవాడి ప్రాణాన్ని ఎంత సుళువుగా వాయిదా వేస్తాడో చూడండి.

మంగళవారం పొద్దున బస్సు కోసం నిలబడి ఉంటే వెంకయ్య సైకిల్ ఆపాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"పన్ను నొప్పిరా. గుంటూరు."

"జాగర్త. రేత్తిరి నాకూ నిద్ర లేదు. వేళ్లు ఒకటే మంట. మిరపకోతలో దిగాంగా, దాని ఘాటేలే" అంటూ చేతులు ప్యాంటుకు రుద్దుకుని వెళ్లిపోయాడు.

బస్సు వచ్చింది. ఎక్కాడు. అవును, ఎక్కాడు. టిక్కెట్టు కూడా కొన్నాడు. మంట మిరపదో, రోగానిదో ఎవరు చెప్పగలరు? రెండో స్టాపు దాటేసరికి కూర్చోలేక "ఆపండి, ఆపండి" అని అరిచి దిగిపోయాడు. అరవై రెండేళ్ల మనిషి చెప్పులు చేత్తో పట్టుకుని నల్లరేగడి గట్ల మీద అడ్డదారిన పరుగెత్తాడు.

వెంకయ్య చేలో పదిమంది ఆడకూలీలు మిరపకాయలు కోస్తున్నారు. అందరి ముందూ చెప్పాడు.

"ఒరేయ్ వెంకయ్యా, మీ గేదెది పిచ్చికుక్క రోగం. గొంతులో కండె లేదు, ఏమీ లేదు. నాకు తెలవక, తెలవదని చెప్పలేక అబద్ధమాడా. ఆ కుక్క కాటుకి కారం పెట్టి ఊరుకోమంది కూడా నేనే. మీ ఆవిణ్ణి పిలువు. ఇప్పుడే ఆస్పత్రికి పోదాం పదండి."

తిరపతమ్మ కాయల గంప దించి తన కొంగు వైపు చూసుకుంది. ఎవరో ఆటో పిలిచారు. దారిలో వెంకయ్య "పోన్లే బాబాయ్, తెలియగానే చెప్పావు" అన్నాడు. అలీ సాహెబ్ రోడ్డు వైపు మొహం తిప్పుకున్నాడు. పొగడ్త వినలేక తల తిప్పుకోవడం ఆయన బతుకులో అదే మొదలు.

అద్దంకి సర్కారు ఆసుపత్రిలో డాక్టరు వెంకయ్య వేళ్లన్నీ చూసి, ఇప్పటికి మంట కారానిదే కావచ్చు, వారం తిరక్కముందే వచ్చారు, వరుస తప్పకుండా అన్ని సూదులూ వేయించుకోమన్నాడు. వెంకయ్య గాట్ల చుట్టూ మందు పొడిచారు. పళ్లు బిగబట్టాడు. తిరపతమ్మకూ సూది వేశారు.

నర్సు అలీ సాహెబ్ వైపు తిరిగింది. "మీరే కదా చెయ్యి పెట్టింది? కూర్చోండి. మీకూ ఇవాళ మొదటిదేగా?"

మొదటిదే అంటే సరిపోతుంది. వెంకయ్య మనసులో 'తెలియగానే చెప్పిన బాబాయ్' అలాగే మిగిలిపోతాడు. అలీ సాహెబ్ స్టూలు మీద కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ముంజేతి మీద కట్టు అందరికీ కనిపించింది.

"కాదమ్మా, రెండోది. మొదటిది గుంటూరులో వేయించుకున్నా."

"ఎప్పుడు?" అంది తిరపతమ్మ.

"శనివారం."

నర్సు చీటీ మీద రాసుకుంది. వెంకయ్య తన వేళ్ల వైపు చూసుకున్నాడు. గొంతు పెంచకుండానే అడిగాడు.

"ఆదివారం నా పక్కన కూర్చుని అన్నం తిన్నావు గదా బాబాయ్?"

"తిన్నాన్రా" అన్నాడు అలీ సాహెబ్.