దొరికిన గుంట తెలియదు

నా చిన్నప్పుడు, 1964 ఏప్రిల్ 15, బుధవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు హలసూరులోని మా ఇంటి ముందు ఒక జీపు వచ్చి ఆగింది. ఉగాది వెళ్ళి రెండు రోజులైంది. బడికి సెలవులు. నాకు పదేళ్ళు నిండి నెల. మా పెదనాన్న పురాతత్వ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగి. తవ్వకాలలో ఏ వస్తువు ఎక్కడ, ఎంత లోతున దొరికిందో కొలిచి కాగితం మీద పెట్టడం ఆయన పని. పిల్లలు లేని మనిషి కనుక సెలవుల్లో నన్ను వెంట తీసుకుపోయేవారు. ఆ ఉదయం తన చేతి గడియారం చూపించి, కొత్త నోటు పుస్తకం మొదటి పేజీలో నా చేతనే వేళ రాయించారు. అందుకే ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

సర్జాపుర దారికి అవతల కొత్త రైలు మార్గం పడుతోంది. మట్టికట్ట వేయవలసిన చోట, రాగి చేల నడుమ, పూర్వకాలపు సమాధులు పదకొండు ఉన్నట్టు తేలింది. పెద్ద గుండ్లను వలయంగా పేర్చి, మధ్యలో బండలతో అర కట్టి, చనిపోయినవారి ఎముకలనూ కుండలనూ అందులో ఉంచి పూడ్చేవారట. ఊరివాళ్ళు వాటిని పాండవుల ఇళ్ళనేవారు. రైలు వాళ్ళు ఇచ్చిన గడువు రెండు ఆదివారాలు కలుపుకొని పన్నెండు రోజులు. ఇరవై ఏడో తేదీ, సోమవారం ఉదయం మట్టి పోయడం మొదలవుతుందని ముందే కాగితం వచ్చింది. ఒక్కొక్క సమాధికి రెండేసి రోజులు పడుతున్నప్పుడు పన్నెండు రోజుల్లో పదకొండు తెరవడం కుదరదని పదేళ్ళ పిల్లకు కూడా తెలుస్తుంది. పెద్దవాళ్ళెవరూ ఆ లెక్క పైకి అనలేదు.

పదకొండింటిలో పెద్దది, మేము మూడోదిగా తవ్విన సమాధిని, అంటే మూడో గుంటను, ఆనుకునే ఉంది. దాని చుట్టూ ఇరవై రెండు గుండ్లు. పెదనాన్న ఆ ఏడాది ఆఖరుకు ఉద్యోగం నుంచి దిగిపోవలసినవారు. ముప్ఫై ఏళ్ళుగా ఇతరులు తెరిపించినవి గీస్తూ వచ్చానని, ఒక్కటైనా తాను కోరి తెరిపించినది చూడాలని ఉందని మా పెద్దమ్మతో ఆయన అనగా విన్నాను. ఆయన కోరుకున్నది ఆ ఇరవై రెండు గుండ్ల సమాధినే. కానీ ఏది ముందు తెరవాలో నిర్ణయించేది మైసూరు నుంచి వచ్చిపోయే ఆఫీసరు. ఆయన వేసిన వరుసలో అది చిట్టచివరన ఉంది.

ఆరో రోజుకే అందరం అలసిపోయాం. ఎండకు మట్టి ఇటుకలా గట్టిపడింది. పెదనాన్న రోజంతా వంగి కొలిచి, సాయంకాలం నడుము పట్టుకుని లేచేవారు. కళ్ళలో దుమ్ము పడి రెప్పలు వాచాయి. తవ్వేవాళ్ళు రైలు పనికి వచ్చిన మట్టి పనివాళ్ళే. వాళ్ళది మన తెలుగే. వాళ్ళ మేస్త్రి మాత్రం ఎంత అలసినా హాస్యం మానేవాడు కాదు. బతికున్నోళ్ళకు పూరి గుడిసె, చచ్చినోళ్ళకు రాతి మేడ, ఏం కాలమప్పా అది అని రోజూ ఒకసారైనా అనేవాడు.

నా పని కుండపెంకులు కడిగి గోనెపట్టాల మీద ఆరబెట్టడం. ఒక్కో గుంటకు ఒక్కో పట్టా. నియమం ఒక్కటే: గుంట సంఖ్య, లోతు రాసిన చీటీ పెట్టనిదే ఏ వస్తువునూ చోటు నుంచి కదిలించకూడదు. మొదటి రోజే పెదనాన్న ఆ మాటను నా చేత మూడుసార్లు చెప్పించారు.

ఇరవై మూడు, గురువారం, మధ్యాహ్నం మూడూ నలభైకి వాన వచ్చింది. మబ్బు కనబడిన పావుగంటలోనే విరుచుకుపడింది. మగవాళ్ళు టార్పాలిన్లు లాగుతుంటే, నేను మూడో గుంట దగ్గరా ఐదో గుంట దగ్గరా ఉన్న పెంకుల బుట్టలను ఒకటి తరవాత ఒకటి గుడారంలోకి చేరవేస్తున్నాను. అలా పరుగెత్తుతుండగా ఒక గుంట అంచు జారి, ఆ బురదలో ఎర్రటి పూసలు మెరిశాయి. నీరు వాటిని తోసుకుపోతోంది. చీటీ సంగతి తోచలేదు. పోతాయన్న భయమొక్కటే తోచింది. చేతికందినవన్నీ ఏరి, పావడా అంచులో ముడి వేసుకున్నాను.

వాన వెలిశాక ముడి విప్పాను. తొమ్మిది పూసలు. కెంపురంగు రాతి మీద సన్నని తెల్లగీతలు. పనివాళ్ళందరూ చుట్టూ చేరి నన్ను మెచ్చుకున్నారు. పెదనాన్న ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని చూశారు. ముఖం వెలిగింది. ఆ తరవాత మెల్లగా అడిగారు, ఏ గుంట పాపా అని.

నాకు తెలియలేదు. రెండు గుంటల అంచులూ ఒకే తీరుగా జారిపోయి ఉన్నాయి. నా అడుగుల జాడ కూడా వాన ఉంచలేదు.

నేను పోగొట్టినది ఎంతో ఆ సాయంత్రం అర్థమైంది. ఐదో గుంటను ఎప్పుడో రాళ్ళ కోసం ఎవరో తవ్వి కలగాపులగం చేశారు. అందులో ఏది దొరికినా దేనికీ రుజువు కాదు. మూడో గుంట చెయ్యి పడనిది. పూసలు అక్కడివైతే, పక్కనున్న పెద్ద సమాధిలోనూ అటువంటివి ఉండవచ్చునని చూపించి, రైలు వాళ్ళను ఇంకో నాలుగు రోజులు అడగవచ్చు. మధ్యలో ఉన్నది ఒక్క అంకె.

మేస్త్రికి అది పెద్ద చిక్కుగా కనబడలేదు. మట్టి పనిలో, తవ్విన గోతి నడుమ ఒక దిబ్బను తవ్వకుండా వదులుతారు. దాని ఎత్తును బట్టి ఎంత లోతు తవ్వారో కొలిచి కూలీ కడతారు. దాన్ని సాక్షి దిబ్బ అంటారు.

"మూడో గుంటేనని రాసేయప్పా," అన్నాడతను. "కొలతల రోజు సాక్షి దిబ్బ నెత్తిన మేము రెండు తట్టల మన్ను ఎయ్యడంలా? దానికి ఏ ఇంజనీరు చచ్చినాడు?"

పెదనాన్న నవ్వారు. "ఇంజనీరుకేం కాలేదులే మేస్త్రీ. దిబ్బే ఇంక సాక్షి కాకుండా పోయె."

తరవాత నన్ను రెండు గుంటల నడుమ నిలబెట్టి, ఒక్కొక్కటిగా అడిగారు. బుట్ట ఏ చంకన ఉంది, వాన ముఖాన కొట్టిందా వీపున కొట్టిందా, ముడి వేసేటప్పుడు ఎటు తిరిగి ఉన్నాను. గుర్తుచేసుకోబోతే వాన చప్పుడే గుర్తొచ్చింది. ఆయన రెప్పల వాపు చూశాను. పెద్ద సమాధి వైపు ఆయన చూడకుండా ఉండడమూ చూశాను. మూడో గుంట పెదనాన్నా, ఇప్పుడు తెలిసింది అన్నాను.

ఆయన నడుము పట్టుకుని నా ఎత్తుకు వంగారు.

"అది నీకు గుర్తుండాదా పాపా, నాకు కావాల్సుండాదని చెప్తుండావా?"

తల వంచుకుని, గుర్తు లేదన్నాను. ఆయన రిజిస్టరు తెరిచి, బోల్డంత ఓపికతో, గుండ్రని అక్షరాలతో రాశారు: ‘పూసలు తొమ్మిది. దొరికిన గుంట తెలియదు. నా అజాగ్రత్త వల్ల చీటీ లేకుండా ఎత్తడమైనది.’ ఎత్తింది నేను కదా అన్నాను. నిన్నక్కడ పెట్టింది నేను కదా అన్నారు.

శనివారం ఆఫీసరు వచ్చి ఆ వాక్యం రెండుసార్లు చదివారు. ఆయన చెడ్డ మనిషేమీ కాదు. అంకె ఉంటే ఈ పూటే రైలు ఇంజనీరు దగ్గరకు వెళ్ళేవాణ్ణని చెప్పి, నా వైపు ఆశగా తిరిగారు. పాపను మళ్ళీ అడగవద్దండి, గుర్తు లేదని చెప్పేసింది అన్నారు పెదనాన్న. ఆఫీసరు సంతకం చేసి వెళ్ళిపోయారు.

ఆదివారం మేమిద్దరమే వెళ్ళాం. నేను టేపు కొస పట్టుకున్నాను. ఇరవై రెండు గుండ్లనూ బయటి నుంచే కొలిచి గీశారు. నక్షాలో నడుమ భాగం ఖాళీగా వదిలి, ‘తెరవలేదు’ అని రాశారు. సోమవారం ఎనిమిదింటికి మొదటి తట్ట మట్టి పడింది. పదింటికల్లా గుండ్లు కనబడలేదు. తిరుగుదారిలో జీపు ఎంత కుదిపినా పెదనాన్న నిద్ర లేవలేదు.

అప్పటి నుంచి ఇప్పటివరకు దినచర్య రాస్తూనే ఉన్నాను. తెలియని చోట తెలియదనే రాస్తాను. అలా రాసిన రోజు నా పుస్తకం ఎవరికీ పనికిరానిదిగా కనబడుతుంది, ఒళ్ళు బరువెక్కుతుంది, కలం ఒక అంకె వేయబోతుంది. నీకు గుర్తుండాదా పాపా అన్న ఆ ప్రశ్న వినబడుతుంది. అంకె వేయను.

మొత్తం ఇదీ. సమాధులు పదకొండు. తెరిచినవి ఐదు. కట్ట కిందకు పోయినవి ఆరు, అందులో పెదనాన్న కోరుకున్నది ఒకటి. పగలకుండా పైకి వచ్చిన కుండలు నాలుగు. పెంకులు మూడు గోనెలు. పూసలు తొమ్మిది, ఏ గుంటవో తెలియదు. రిజిస్టరులోకి ఎక్కకుండా ఆగిపోయినది, నేను చెప్పిన అబద్ధం ఒకటి.