నాలుగు గంటల గడి

దయ్యమంటే మా అత్తకు భయం. నాకు డ్యూటీ లిస్టంటే భయం. పన్నెండేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. పోయినవాళ్ల ముక్కుల్లో దూది పెట్టి, చేతులు కడుక్కుని టీ తాగిన మనిషిని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

పావగడ తాలూకాలో మాదొక చిన్న ఆస్పత్రి. ఆ ఎండాకాలం ఆడవాళ్ల వార్డులో ముప్పై మంచాలు నిండి, నేలమీద చాపలు కూడా వేశారు. పగటి డ్యూటీకి ఇద్దరం ఉండాలి. ఒక సిస్టరు మానేసి వెళ్లిపోతే ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. వార్డుకూ కాన్పుల గదికీ కలిపి నేనొక్కదాన్నే. బీపీ మిషనూ ఒక్కటే.

అందుకే మాకొక పాడు అలవాటు ఉండేది. మధ్యాహ్నం పన్నెండుకు చూసేటప్పుడే చార్టులో నాలుగు గంటల గడి కూడా నింపేసేవాళ్లం. పన్నెండుకు బాగున్నవాళ్లు నాలుగుకూ బాగానే ఉంటారులే అని. నాకిది నేర్పింది ఒక పెద్ద సిస్టరు. నా తర్వాత వచ్చినవాళ్లకు నేర్పింది నేను.

వల్లూరు నుంచి ఓబులమ్మవ్వ వచ్చింది. చేను సోలార్ పార్కుకు గుత్తకిచ్చాక, ఒకప్పుడు తాను శెనక్కాయ పండించిన నేలలోనే ప్యానెళ్ల కింద కలుపు తీసే కూలికి పోయేది. ఎండదెబ్బ తగిలి పడిపోతే కూతురు తీసుకొచ్చింది. రెండో రోజుకు లేచి కూర్చుని గంజి తాగింది.

ఆ మధ్యాహ్నం నేను నాలుగు గంటల గడిలో 120/80 అని రాస్తుంటే అవ్వ చూసింది. చదువు రాదు గానీ, బీపీ పట్టీ ఒకసారి చుట్టి రెండు గడులు నింపానని కనిపెట్టింది.

"నన్ను ముట్టుకోకనే రాసినావేం పాపా?"

నాలుగింటికి వస్తాలే అవ్వా అన్నాను.

"రా మరి. గుండెల్లో ఒగ మాదిరిగా ఉండాది. చెయ్యి పట్టుకుని చూద్దువు."

మూడున్నరకు తిరుమణి నుంచి కాన్పు కేసు వచ్చింది. రక్తం ఆగడం లేదు. మిషను పట్టుకుని కాన్పుల గదికి పరుగెత్తాను. ఐదుంబావు దాకా ఆ గది గడప దాటలేదు. డాక్టరమ్మ, ఆయమ్మ నా పక్కనే ఉన్నారు. తల్లీబిడ్డా బతికారు. మధ్యలో నాలుగు దాటడం గడియారంలో చూశాను. అవ్వది రాసేసే ఉంది కదా అనుకున్నాను. ఆ గడి ఖాళీగా ఉండుంటే ఒకసారి తొంగి చూసి రమ్మని ఆయమ్మనైనా పంపేదాన్ని. ఆ ఒక్క తలపే నన్ను ఇప్పటికీ తినేస్తోంది.

వార్డుకొచ్చేసరికి అవ్వ పోయింది. నుదుటి మీద మడిచిన తడిగుడ్డ ఉంది. అదింకా ఆరలేదు.

పక్క మంచం నాగమ్మ నన్ను వింతగా చూసింది. నాలుగింటికి నేను వచ్చానట. చేతికి పట్టీ చుట్టి చూశానట. స్టూలు లాక్కుని, అవ్వ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నానట. కూతురు అప్పుడు మందుల షాపుకు వెళ్లి ఉంది.

నాగమ్మకు జ్వరం మత్తేమో అనుకుని చార్టు తీశాను. నేను రాసిన 120/80 మీద అడ్డంగా ఒక గీత. పక్కన 70/40. నా చేతిరాతే. నేను ఏడు అంకెకు నడుం మీద చిన్న గీత పెడతాను, దానికీ ఉంది. మిషను చూస్తే నా చేతిలోనే ఉంది.

కూతురు వచ్చింది. ఏడ్చి ఏడ్చి, నాగమ్మ చెప్పింది విని, నా రెండు చేతులూ పట్టుకుంది.

"మాయమ్మ ఒంటిగా పోలేదు. నువ్వు పక్కన కూచున్నావంట. నీ కడుపు సల్లగుండ."

అది నేను కాదమ్మా అనాలి. అనకుండా చేతులు విడిపించుకుని చార్టు మూసేశాను. మూడు నెలల తర్వాత ఆమె శెనక్కాయల మూట తెచ్చి ఇచ్చిపోయింది. ఒక్క కాయ కూడా ఒలవలేకపోయాను.

ఇప్పుడు చెయ్యి పట్టుకోకుండా ఏ గడీ నింపను. చార్టులో గడులు ఖాళీగా ఉన్నాయని రౌండ్స్‌లో తిట్లు తింటాను. రెండో సిస్టరును మాత్రం ఇంకా వేయలేదు.

ఎంత ఆలోచించినా ఆ రోజు అవ్వ దగ్గరికి ఎవరు వచ్చారో నాకు తెలియదు. రానిది మాత్రం నేనే.