మా ఇల్లు నిలబెట్టిన వకీలు

బ్యాంకు వాళ్ళు మా గేటుకు నోటీసు అంటించిన పొద్దున నేను కుట్టుమిషను ముందు కూర్చుని ఒక పెళ్ళి జాకెట్టుకు చేతులు కలుపుతున్నాను. హాలియాలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఇద్దరు మనుషులు వచ్చి జిగురు రాసి కాగితం అతికించారు, దాన్ని ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ఇంగ్లీషు నాకు కొరుకుడుపడలేదు. అరవై రోజుల్లో బాకీ కట్టకపోతే ఇల్లు స్వాధీనం చేసుకుంటారట, పక్కింటి టీచరమ్మ చదివి చెప్పింది. నోటీసు నా భర్త పేరు మీద ఉంది.

ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. వరికోత మిషన్లు బాగుచేసేవాడు. గుండెపోటు వస్తే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం, రెండో రోజే పోయాడు. ఆ తర్వాత ఇంటి లోను వాయిదాలు నా వల్ల కాలేదు. బ్యాంకు నుంచి ఫోను వస్తే ఎత్తేదాన్ని కాదు. మనిషి లేడని తెలిస్తే ఇల్లు వెంటనే లాక్కుంటారని నా భయం.

చుట్టం ఒకాయన నన్ను హైదరాబాదులో పెద్ద వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ వకీలు నోటీసు వైపు చూడకుండానే ఫీజు చెప్పాడు. తిరుగు బస్సులో, ఇల్లు పోయినట్టేనని మనసులో అనేసుకున్నాను. ఇంట్లో అత్తమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“మిర్యాలగూడల కోర్టు లేదా? ఆడ వకీళ్లు లేరా? పోయి అడుగుదాం పా.”

కోర్టు గేటు పక్కన రేకుల కింద ఒకాయన దరఖాస్తులు టైపు చేస్తున్నాడు. అత్తమ్మ నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడింది.

“అయ్యా, ఇంటి మీద బ్యాంకోళ్ల నోటీసొచ్చింది. సూసే వకీలు ఎవలన్న ఉన్నరా? మోసం చెయ్యనోడు గావాలె.”

ఆయన నవ్వాడు. “ఎరువుల దుకాణం మీద మేడల ఒక సారుంటడు. జర నిదానం మనిషి. గని కాయితం మొత్తం సదువందే నోరు తెరువడు.”

ఆ సారుకు అరవై దాటి ఉంటాయి. నేను ఇచ్చిన నోటీసు చదివి, బల్ల మీద పెట్టాడు.

“ఇది వాళ్లు రాసింది, బిడ్డా. మీరు రాసిచ్చింది గూడ నేను సూడాలె. లోను తీసుకున్ననాటి సంది ఇంట్ల ఉన్న కాయితాలన్ని పట్టుకరా. ఏది పనికొస్తదో నువ్వు తేల్చకు.”

మర్నాడు ఒక సంచి నిండా తీసుకుపోయాను. పొద్దున మొదలుపెట్టిన మనిషి మధ్యాహ్నం అన్నం వేళ దాటినా చదువుతూనే ఉన్నాడు. నాకు లోపల చిరాకు కూడా వచ్చింది. చివరికి కళ్ళజోడు తీసి అడిగాడు.

“నీ భర్త పోయిన సంగతి బ్యాంకుకు చెప్పినవా?”

“లేదు సారు, ఫోనొస్తే గూడ ఎత్తలే” అన్నాను.

“భయపడ్డవు. అందరు భయపడతరు. గిది సూడు.” పాస్‌బుక్కులో ఒక వరుస మీద వేలు పెట్టాడు. “లోనిచ్చిన్నాడే ఇన్సూరెన్సు కింద పైసలు కోసుకున్నరు. ఆయనకేమన్న అయితే మిగిలిన లోను ఇన్సూరెన్సోళ్లు కట్టాలె. నీకు తెల్వదా?”

నాకే కాదు, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టిన మా ఆయనకు కూడా తెలిసి ఉండదు. నాకు ఏడుపు ఆగలేదు. సారు మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, “ఏడ్సుడు తర్వాత. ముందు దరఖాస్తు రాద్దాం” అన్నాడు.

నోటీసుకు జవాబు, ఇన్సూరెన్సు క్లెయిముకు దరఖాస్తు రాసి, మరణ ధ్రువీకరణ పత్రం జతచేసి, మాతో పాటు ఆయనే బస్సెక్కి బ్యాంకుకు వచ్చాడు. మేనేజరు కొత్తగా వచ్చినాయన. ఫైలు తెప్పించి వెతికితే పాలసీ కాగితం అందులోనే దొరికింది. “ముందే చెప్తే ఇంత దూరం వచ్చేది కాదమ్మా” అన్నాడు. కోపంగా అనలేదు. క్లెయిము తేలేవరకు ఇంటి జోలికి రామని రాసిచ్చాడు.

క్లెయిము తేలడానికి నెలలు పట్టింది. ఇన్సూరెన్సు వాళ్ళు మా ఆయనకు పాత జబ్బులేమన్నా ఉన్నాయా అని అడిగారు, దవాఖాన కాగితాల కోసం నన్ను రెండుసార్లు నల్లగొండ తిప్పారు. వాళ్ళ ప్రతి ఉత్తరాన్నీ సారు నాకు తెలుగులో చెప్పి, జవాబు కూడా చదివి వినిపించి, అప్పుడే సంతకం పెట్టనిచ్చేవాడు. చివరికి లోను తీరింది. మిగిలిన కొద్ది వడ్డీని కుట్టుపని మీద నేనే కట్టుకున్నాను.

సారు ఫీజు తీసుకున్నాడు, నేను ఇవ్వగలిగినంతే. “ఊకెనే చేస్తే నువ్వు మల్ల ఏదన్న అడగనీకి ఎనుకాడుతవు” అన్నాడు. సాయం పొందిన మనిషి చిన్నబోకుండా చూసుకోవడం ఎంతమందికి చేతనవుతుంది?

బ్యాంకు నుంచి ఇంటి రిజిస్ట్రేషను కాగితాలు చేతికి వచ్చిన రోజు ఇద్దరం ఆయన దగ్గరికి పోయాం. అత్తమ్మ ఆయన కాళ్ళకు మొక్కబోతే సారు కుర్చీలోంచి గబుక్కున లేచాడు.

“అవ్వా, నువ్వు నాకంటె పెద్దదానివి!”

“అయితే దీవిస్త. సల్లగుండు బిడ్డా” అంది అత్తమ్మ.

తిరిగి వస్తుంటే బస్సులో ఆ కాగితాల ఫైలు ఆమె ఒడిలోనే పెట్టుకుంది. ఒకసారి ఇటివ్వు అంటే, హాలియా వచ్చేదాకా ఇవ్వలేదు.