ఎడమవైపు పిడి

పోయిన వారం మా బావ పికప్ ట్రక్కును, రెండు వరసల సీట్లున్నదాన్ని, కొనడానికి ఒకాయన వచ్చాడు. బావ అంటే మా అక్క భర్త. రఘునాథపల్లి దాటి లోపలికి పోతే వాళ్ల పత్తి చేను, చేన్లోనే ఇల్లు. బేరానికి మాటసాయంగా ఉంటానని నన్నూ రమ్మన్నాడు. ముప్ఫై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి నన్నెవరూ మోసం చేయలేరని ఆయన నమ్మకం. కూరగాయల బండి దగ్గర రోజూ మోసపోతానని ఆయనకు తెలియదు. వచ్చినాయన టైర్లను తట్టాడు, బానెట్ ఎత్తి చూశాడు, లోపల కూర్చుని అన్నీ తడిమాడు. చివరికి ఎడమ సీటు పక్కన నిలబడి ఉన్న ఇనప పిడి దగ్గర ఆగిపోయాడు. దానికి ఎర్ర చీర పీలిక చుట్టి ఉంది. "ఇదేంది పెద్దాయనా, లాక్ పిడి ఈ దిక్కు పెట్టిండ్రు? డ్రైవర్‌కు అందది గదా" అన్నాడు. బావ కండువాతో అద్దం తుడవసాగాడు.

నాలుగైదేళ్ల కింద అక్కకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు టౌన్లో సుబేదారి దిక్కున్న దవాఖానకు తెచ్చి డయాలసిస్ చేయించాలి. దూరం పెద్ద లెక్క కాదు. హైవే ఎక్కితే వచ్చేసినట్టే. ఎక్కడమే కష్టం. చేను నుంచి హైవే దాకా ఉన్న బాట నల్లరేగడి. నానితే బంక, ఎండితే రాయి. ఒక వానాకాలం పొద్దున ట్రక్కు నడిబాటలో దిగబడింది. ట్రాక్టర్ తెచ్చి లాగేసరికి మధ్యాహ్నం దాటింది, మిషన్ ఇంకొకరికి ఇచ్చేశారు. మర్నాటి దాకా అక్క కాళ్లు ఉబ్బి, ఊపిరి అందక, కూర్చునే తెల్లవార్చింది. ఇంకోసారి ఇట్లా తప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు మొహం మీదే చెప్పాడు. నా ఇల్లు దవాఖానకు దగ్గరే, వచ్చి ఉండమని బతిమాలాను. రెండు రోజులు ఉండి, నా పప్పుకు వంక పెట్టి, వెళ్లిపోయింది. "నీ ఇంట్ల నా చేతికి పనేది?" అన్నది పోతూ పోతూ. ఆ మాట నేను అప్పుడు పట్టించుకోలేదు.

ఇక బావ ఆ బండి దిగబడకుండా చూసే పనిలో పడ్డాడు. కాశిబుగ్గ అవతల ఆయనకు తెలిసిన మేస్త్రి షెడ్డు ఉంది. నేనూ వెంట పోయాను. వెనక ఇరుసుకు లాక్ బిగించాలని మేస్త్రి నాకు విడమరిచి చెప్పాడు. "అమ్మా, ఎనక రెండు చక్రాలు ఇద్దరన్నదమ్ములనుకో. ఒకడు బురదల జారుతాండు, ఇంకోడు గట్టిగ నిలవడ్డడు. బండి బలమంతా జారేటోనికే పోతది. లాకేస్తే ఇద్దరిని ఒక్క తాడుకు కట్టినట్టు. గట్టిగున్నోడు బండిని గుంజుకపోతడు." నా ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఇంత సులువుగా ఒక్క పాఠం చెప్పలేదు. బావకు ఇదంతా ట్రాక్టర్‌తో అలవాటే. ట్రాక్టర్‌కు ఈ లాక్ కాలికింద ఉంటుంది. ట్రక్కులో కూడా బురద రాగానే ఆయన కుడి మడమ, అక్కడ లేని పెడల్‌ను వెతుక్కుంటూ నేలను తొక్కేది. అక్కడ మ్యాట్ అరిగి బొక్క పడింది.

లాకులు మూడు రకాలని తేలింది. చక్రం జారగానే తనంతట తానే పట్టుకునేది ఒకటి. గాలి పంపుతో పట్టించేది ఇంకొకటి. తీగ కట్టిన పిడిని చేత్తో లాగితే పట్టేది మూడోది. నేను వారం రోజులు ఫోన్లో చదివి పండితురాలినయ్యాను. నోట్‌బుక్‌లో గళ్లు గీసి మార్కులు వేశాను. మొదటిదానికి తొంభై వచ్చాయి. మనిషి మరిచిపోయినా అది మరిచిపోదు. గాలిదాన్ని బావ ఒక్క మాటతో కొట్టేశాడు. "చేన్ల ఎలుకలున్నయి మర్దలా, గొట్టాలను బతకనియ్యవు." మొదటిది వద్దనడానికి మాత్రం కారణం చెప్పలేదు. చేత్తో లాగేదే కావాలన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పిడిని ఎడమ సీటు పక్కన బిగించమన్నాడు. మేస్త్రి కూడా బిత్తరపోయాడు. "పటేలా, నీకు అందది" అన్నాడు. "నాకు అందుడు ఎందుకు" అన్నాడు బావ. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని అక్కడే ఆయన మీద అరిచాను. నా అక్క ప్రాణం మీద నీ మొండితనమేమిటని అడిగాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత ఒకరోజు అక్క లోపల మిషన్ మీద ఉండగా బయట బల్ల మీద కూర్చుని ఆయనే చెప్పాడు. "చేనుకు మందు గొట్టాల్నన్నా, కూలోళ్లను పిలవాల్నన్నా అంతా ఆమె చెప్పినట్టే నడిచె. ఇప్పుడేమో, నన్ను వడ్ల బస్తా లెక్క ఏసుకపోతాన్నవు, ఏసుకొస్తాన్నవు అని ఏడుస్తాంది. దవాఖానకు రానంటాంది మర్దలా. లాక్ దానంతటదే పడితే బండి దాటుతది. ఆమె చేత్తోని దాటాలె గదా." నేను నా నోట్‌బుక్ గురించి ఆలోచించాను. అందులో ఈ విషయానికి గడే లేదు.

పిడి బిగించిన రోజున మేస్త్రి రెండు నియమాలు చెప్పాడు. చక్రం తిరగడం మొదలయ్యాక కాదు, బురదకు ముందే లాగాలి. గట్టి రోడ్డెక్కి మలుపు తిప్పే ముందు వదలాలి, లేకపోతే ఇరుసు విరుగుతుంది. అక్క వాటిని నీతి సూత్రాల్లా పాటించింది. పిడి జారకుండా తన పాత చీర చింపి చుట్టుకుంది. బాటలో ఒక తుమ్మచెట్టు దగ్గర రేగడి మొదలవుతుంది. అక్కడికి రాగానే బండి నెమ్మది చేయమనేది. "ఇంక జర పోనీ" అని బావ. "నీ జర నాకెర్కనే, ఆగు" అని అక్క గుంజేది. మొదటి వానకే పెద్ద పరీక్ష వచ్చింది. రాత్రంతా కురిసి బాట చెరువులా అయింది. ఆ రోజు వాళ్లు రారనుకుని నేను దవాఖాన మెట్ల మీద గేటు దిక్కు చూస్తూ నిలబడ్డాను. అద్దాల దాకా బురద కొట్టుకున్న బండి టైముకు వచ్చి ఆగింది. అక్క దిగి, నా చేయి పట్టుకోకుండా లోపలికి నడిచి, నర్సుతో "ఇయ్యాల బండి నేనే దాటిచ్చిన బిడ్డా" అని చెప్పింది. నర్సుకు ఏమీ అర్థం కాక బీపీ చూసింది. బీపీ కూడా ఎక్కువే ఉంది, సంతోషానికి.

ఆ తర్వాత రెండు వానాకాలాలు బురద వల్ల ఒక్క రోజు కూడా తప్పలేదు. దవాఖానకు రానని కూడా అక్క మళ్లీ అనలేదు. పోయిన చలికాలంలో, బాట పొడిగా ఉన్న రోజుల్లో, తన మంచం మీదే పోయింది. ఈ ఎండాకాలం ఆ బాటకు సిమెంటు రోడ్డు వేశారు. ఇక ఆ బండితో పనేముందని బావే అమ్మకానికి పెట్టాడు.

కొనేవాడు ఒకసారి నడిపి చూపించమన్నాడు. ఆయన వెనక సీట్లో కూర్చున్నాడు, నేను ఎడమ సీట్లో ఎక్కాను. కొత్త రోడ్డు తెల్లగా, తిన్నగా ఉంది. తుమ్మచెట్టు దగ్గరికి వచ్చేసరికి బండి నెమ్మదించింది, పూర్తిగా ఆగింది. బావ ముందుకే చూస్తున్నాడు. ఎందుకు ఆగామని వెనకాయన అడిగాడు. నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. చీర పీలిక మీద చేయి వేసి పిడిని గుంజాను. కింద ఎక్కడో లాక్ టక్కుమని పట్టుకుంది. "మీ అక్కయితే చెట్టు రాకముందే గుంజేది" అన్నాడు బావ. తర్వాత వెనక్కి తిరిగి, బండి అమ్మడం లేదని ఆ పెద్దమనిషికి మర్యాదగా చెప్పాడు. కాలం ఆ బాటకు సిమెంటు పోసింది గాని, ఎక్కడ ఆగాలో ఒకసారి నేర్చుకున్న కాలికి ఆ సంగతి చెప్పడం మరిచిపోయింది.