ఎర్రగా రాని పేరు

నేను జోకు వేస్తే ఎదుటివాళ్లు నవ్వేలోపే నా వీపు మీద చెమట పడుతుంది. చాలా ఏళ్లుగా ఇంతే. గోదావరిఖనిలో నన్నెరిగినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు, ఎందుకంటే నలుగురు చేరిన చోట నవ్వించేది నేనే. ఆ భయం ఎక్కడ మొదలైందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

తొమ్మిదో తరగతిలోనే బడి మానేశాను. బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, చెడగొట్టుకుంటూ బాగుచేసుకుంటూ పీహెచ్‌పీలో ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. తెలంగాణ రాష్ట్రం ఇంకా రాని రోజులు. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మట్టి తీసే ఒక కాంట్రాక్టరు దగ్గర, గేటు కంప్యూటరుకు ప్రోగ్రాము రాసే పని దొరికింది. గనిలోకి దిగేవాళ్లు, పైకి వచ్చేవాళ్లు అందరి పేర్లూ అందులో ఎక్కుతాయి. షిఫ్టు అయిపోయినా పైకి రాని మనిషి పేరు తెర మీద ఎర్రగా మారాలి. మారితే గేటు గుమాస్తా రహీం కాక కిందికి ఫోను చేసి వెతికించాలి.

కాక ఖాళీ దొరికితే కళ్లు మూసుకుని తస్బీ పూసలు తిప్పుతూ జపం చేసుకునేవాడు. నేను ఆయనకు గురక కాక అని పేరు పెట్టాను. బల్ల మీద తల వాల్చి ఆయనలా గురక పెట్టి చూపిస్తే డ్రైవర్లు పడీపడీ నవ్వేవాళ్లు. కాక కూడా నవ్వేవాడు.

చిక్కు పంపు ఆపరేటర్లతో వచ్చింది. గని అడుగున నీళ్లు తోడే పంపును వదిలి రాకూడదు కదా, తర్వాతి షిఫ్టు మనిషి దిగేదాకా ఆగుతారు. దాంతో వాళ్ల పేర్లు రోజూ ఎర్రబడేవి. మేనేజరు విసుక్కుని, వాళ్లకు గంట గడువు పెట్టమన్నాడు. ప్రోగ్రాములో కార్మికులందరి నియమాలూ ఉన్న మూసను క్లాసు అంటారు; దాని నుంచి పంపువాళ్లకు ఒక చైల్డ్ క్లాసు తీశాను. పేరెంట్ క్లాసు చేసే పనులన్నీ చైల్డ్‌కు వాటంతటవే వస్తాయి. కానీ అదే పేరుతో చైల్డ్‌లో మనం వేరే పని రాస్తే పేరెంట్‌ది ఆగిపోతుంది. గడువు దాటాక పేరెంట్‌ను కూడా పిలవమని ఒక లైను రాయాలి. గడువు రాశాను. ఆ లైను రాయలేదు. అంటే గంట దాటినా పంపువాళ్ల పేరు ఇక ఎర్రబడదు.

ఎరుపు పోయింది. మేనేజరు భుజం తట్టాడు. మనుషులు ఆలస్యంగా వస్తే ఏమవుతుందో చూశాను. అసలు రాకపోతే ఏమవుతుందో చూడలేదు. ఎందుకు చూడలేదు? ఎరుపు పోతే పని అయిపోయినట్టేననుకున్నానా, లేక మెప్పు దొరికాక మళ్లీ తవ్వి చూసుకోవడానికి జంకానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఒక వానాకాలం మధ్యాహ్నం పంపు దగ్గర ఆపరేటరు మల్లేశన్న జారిపడ్డాడు. కాలి మీద పైపు పడింది. తర్వాతి షిఫ్టు మనిషి ఆ రోజు డ్యూటీకి రాలేదు. పంపు మోతలో కేకలు ఎవరికీ వినపడలేదు. సాయంత్రం మల్లేశన్న భార్య గేటు దగ్గరికొచ్చి అడిగింది. కాక తెర చూశాడు. ఎర్ర పేరు ఒక్కటీ లేదు. పైకి వచ్చేసి ఉంటాడని చెప్పి పంపాడు. ఆమె తెలిసినవాళ్ల ఇళ్లన్నీ తిరిగి మళ్లీ వచ్చాక గానీ ఎవరూ కిందికి దిగి వెతకలేదు. ప్రాణం దక్కింది. మోకాలి కింద కాలు తీసేశారు. కొంచెం ముందు తెచ్చుంటే నిలిచేదని దవాఖానాలో అన్నారు.

మర్నాడు అందరికంటే ముందు గేటుకు వెళ్లి ఫైలు తెరిచాను. లోపం ఎక్కడుందో వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఆ ఒక్క లైను రాసి సేవ్ చేశాను. తర్వాత మేనేజరు వచ్చి, అందరి ముందూ ఒక పంపు ఆపరేటరు పేరుతో పరీక్షించాడు. ఎర్రగా వెలిగింది.

కాక నా వైపు తిరిగాడు. "బేటా, నిన్న ఎర్రగ రాలె. ఈ కండ్లతోని చూసిన. కంప్యూటర్ నీదే గదా, జర సార్‌కు నువ్వన్న చెప్పు."

భయపడితే నాకొచ్చేది ఒక్కటే.

"వచ్చే ఉంటది కాకా. నీ గురకకు జడుసుకొని మళ్ల పోయుంటది."

మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. వెనకున్నవాళ్లూ నవ్వారు.

"మజాక్ గాదు బేటా," అన్నాడు కాక. "మనిషి కాలు పోయింది."

డ్యూటీలో నిద్రపోయాడని ఆయన్ని ఆ రోజే పనిలోంచి తీసేశారు.

తర్వాత చాలాకాలం పోలీసు జీపు కనబడితే సందులోకి తిరిగేవాణ్ని. మల్లేశన్న చంక కర్ర చప్పుడు వినబడితే చాయ్ సగంలో వదిలేసి లేచేవాణ్ని. కొన్నేళ్లకు బెల్లంపల్లి బస్సులో కాక కనిపించాడు. అక్కడ కూతురింట్లో ఉంటున్నాడట. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. పక్కన కూర్చోబెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "నిజంగనే కునుకు పట్టిందేమో బేటా. అందరు గట్లనే అంటిరి. నాకే యాదికి లేదు."

అప్పుడే చెప్పాల్సింది. ముందొచ్చిన స్టాపులో దిగిపోయాను.

ఆ కాంట్రాక్టరు లేడు, ఆ కంప్యూటరు లేదు, ఆ ఫైలు ఎక్కడా మిగల్లేదు. నన్నెవరూ పట్టుకోలేరు. మరి దేనికి భయం? చెబితే కాక కొడతాడనా? కాదు. చెబితే, మళ్లీ మజాక్ చేస్తున్నాననుకుని ఆయన నవ్వుతాడేమోనని.

అందుకే నవ్వు తెప్పించే మాట లేకుండా ఒక్కసారైనా రాయాలనుకున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే. ఆ రోజు మల్లేశన్న పేరు ఎర్రగా రాలేదు. రాకుండా చేసింది నేను. రహీం కాక మేలుకునే ఉన్నాడు.