పులికాట్ ఒడ్డున వలలారేసే మెట్ట

పోయిన తుపానుకు పులికాట్ ఒడ్డున వేలు వాళ్ల ఊరు మునిగింది. వేలు బెంగళూరులో నాతోపాటు పదేళ్లు గోడలు కట్టినవాడు. "మేస్త్రీ, ఈడనే మళ్లీ కట్టాల్నా, వదిలేసి పోవాల్నా అని ఊరు రెండుగా చీలిపోయినాది. నువ్వొచ్చి నేల సూసి చెప్పు" అని ఫోన్ చేశాడు.

తెల్లవారి ఐదున్నరకు పలమనేరులో బస్సెక్కాను. చిత్తూరు మీదుగా తిరుపతి చేరేసరికి ఎనిమిదిన్నర. ఇడ్లీ తిని తొమ్మిదికి సూళ్లూరుపేట బస్సు పట్టుకున్నాను. పక్కన కూర్చున్న చేపలామె నా సంచిలోని తాపీని చూసి, "మేస్త్రీవా అన్నా? మా పక్క నీకు ఏడాదంతా పనే" అంది. నిజమే, మా ఊళ్లో పది మంది పని లేక నా కబురు కోసం చూస్తున్నారు.

పన్నెండుకు దిగాను. వేలు బండి మీద తీసుకెళ్లాడు. అటు వెళ్లేవాళ్లు సూళ్లూరుపేటలోనే భోంచేయడం మంచిది, ఆ తర్వాత హోటల్ లేదు.

ఊళ్లో కిటికీల ఎత్తున బురద చార ఉంది. వేలు ఇంటి మూల గడ్డపారతో తవ్వాను. మోకాటి లోతుకే నీళ్లూరాయి, ఇసుక జారిపోయింది. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. వేలు తల్లి చెంగమ్మ కూలిన గోడ పట్టుకుని, "మా ఆయన కట్టిన ఇల్లప్పా. ఈడనే కట్టు" అంది.

సరేనంటే పనంతా నాదే. గడ్డపార పక్కన పెట్టాను.

"ఈ నేల మీద నేను కట్టనమ్మా. వచ్చే తుపానుకు నా గోడే మీ మీద పడతాది."

"అయితే పడవలొదిలేసి దూరంగా గవర్మెంటోళ్లు ఇస్తామన్న కాలనీలో పడుండమంటావా?" అని ఒకాయన కేకేశాడు.

వలలారేసే మెట్ట ఒకటి ఊరి వెనక కనిపించింది. నీళ్ల గొట్టంతో మట్టం చూస్తే ఊరికన్నా నిలువెత్తు పైన ఉంది. తవ్వితే గట్టి మొరం తగిలింది. "వరద ఈడికి రాలేదు" అన్నాడు వేలు. "అయితే ఈడ కడతా" అన్నాను.

చెంగమ్మ మెల్లగా మెట్టెక్కి, నీళ్లవైపు తిరిగి, కళ్లకు చెయ్యడ్డం పెట్టుకుని చూసింది.

"ఈడినుంచి మన పడవలన్నీ కనపడతా ఉండాయే! మేస్త్రీ, మొదట నా ఇంటికే పునాది ముగ్గు పొయ్యి."

నాలుగు కుటుంబాలు కాలనీకే పోతామన్నాయి. వాళ్లనెవరూ తప్పుపట్టలేదు. మిగిలినవాళ్లు పొద్దు గూకేలోపు నాతో కలిసి తాళ్లు పట్టుకుని గుంజలు పాతారు.

మరునాడు మా ఊరి పది మందిని పనికి పిలుచుకురావడానికి తిరుపతిలో పలమనేరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ముప్పై ఏళ్లలో చాలా ఇళ్లు కట్టాను. కట్టనని చెప్పి గర్వపడింది మాత్రం ఆ ఊళ్లోనే. నాకన్నా గర్వపడాల్సింది చెంగమ్మ. మొగుడు కట్టిన ఇంటిని వదిలి, ఊరిని నిలబెట్టుకుంది.